ముచ్చటపడి కొన్న ఇల్లు మోయలేకపోతున్నాం

షికాగో పక్కనున్న ఓక్ పార్క్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరాన్ని కుదించి చెబుతాను.

ఆమెకు 38 ఏళ్లు. భార్యాభర్తలిద్దరికీ డౌన్‌టౌన్‌లో ఉద్యోగాలు. గ్రీన్ కార్డులు వచ్చాక, రెండేళ్ల క్రితం, 1912లో కట్టిన ఇల్లు 7 లక్షల 20 వేల డాలర్లకు కొన్నారు. 20 శాతం చేతి డబ్బు, మిగతాది 6.5 శాతం వడ్డీకి ముప్పై ఏళ్ల లోను. స్నేహితులంతా నేపర్‌విల్, అరోరా వైపు కొత్త ఇళ్లు కొంటుంటే, కాదు ఓక్ పార్కే కావాలని పట్టుబట్టింది ఈవిడే. చెట్లు కమ్ముకున్న వీధులు, నడిచి వెళ్లే బడి, ఇంటి దగ్గరే రైలు. ఆయన "నీకు నచ్చితే సరే" అన్నారు. ఇల్లు అమ్మింది ఒక పెద్దావిడ. అప్పట్లో ఆ ఇంటి మీద పన్ను ఏడాదికి 11,800 డాలర్లు. నెలకు మొత్తం 4,830 కడితే సరిపోయేది.

ఈ ఏడాది పన్ను 19,400 అయింది. ఇంటి పన్నుకీ ఇన్సూరెన్స్‌కీ నెలనెలా తీసి ఉంచే ఎస్క్రో ఖాతాలో డబ్బు చాలలేదని బ్యాంకు నెలసరి వాయిదాను 6,100 చేసింది. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి వచ్చేది 11,500. దానికి తోడు ముందు వరండా మెట్లు పుచ్చిపోయాయి, కాంట్రాక్టర్ 22,000 అడిగాడు. బాయిలర్ ముప్పై ఏళ్ల నాటిది. చలికాలం తెనాలి నుంచి వచ్చిన మామగారు "ఇంత డబ్బు పోసి ఇంత చల్లటి కొంప కొన్నారేంటమ్మా" అన్నారట. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోందని రాశారు. భర్త ఒక్క మాటా అనరు. రాత్రి ఒంటిగంట దాకా ఏదో ఫ్రీలాన్స్ పని చేస్తారు. ఒకరోజు గరాజ్‌లో నిలబడి, ఇల్లు కట్టుకుంటున్న చెల్లెలికి ఫోన్‌లో "ఇప్పుడు సర్దలేనమ్మా" అంటుంటే ఈవిడ విన్నారు.

ఉత్తరం చివర, మడతలో దాచినట్టు, ఇంకో మాట ఉంది. పిల్లల స్కేటింగ్, వయొలిన్, సమ్మర్ క్యాంపులు, వీధిలో వాళ్లని పిలిచి చేసిన పుట్టినరోజు, ఇవన్నీ ఆమె తన కార్డు మీద పెట్టారు. బాకీ 9,400 డాలర్లు. 24 శాతం వడ్డీ. భర్తకు తెలియదు.

"ఇల్లు అమ్మేయమంటారా? అమ్మితే నా పంతం వల్ల నష్టపోయామని ఒప్పుకున్నట్టే కదా" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో అంకెలన్నీ విడివిడిగా ఉన్నాయి గానీ ఒక్కచోట కూడినట్టు లేదు. నేను కూడాను. మీరు భయపడుతున్నదాని కంటే కాస్త మెరుగ్గానే ఉంది. అలాగని నిశ్చింతగా కూర్చునేంత బాగా కూడా లేదు.

ముందు ఆ పన్ను సంగతి. ఇది మీ తెలివితక్కువ అనుకోకండి. ఓక్ పార్క్ ఉన్న కుక్ కౌంటీలో పన్ను ఒక ఏడాది వెనక నడుస్తుంది. ఈ ఏడాది కట్టేది పోయిన ఏడాది పన్ను. అదీ రెండు వాయిదాల్లో. మొదటి వాయిదా, అంతకుముందు ఏడాది మొత్తం బిల్లులో 55 శాతం అని గుడ్డిగా లెక్కకట్టి పంపుతారు. ఏ మార్పు వచ్చినా అది పడేది రెండో వాయిదాలోనే. మీకు ఇల్లు అమ్మిన పెద్దావిడకు వృద్ధులకిచ్చే మినహాయింపులు ఉండి ఉంటాయి. ఇంటి విలువను పాత అంకె దగ్గరే ఆపేసే సీనియర్ ఫ్రీజ్ కూడా ఉండి ఉండొచ్చు. అవి ఆవిడతోనే పోతాయి. కానీ మీరు కొన్న ఏడాది లెక్కలో ఇంకా ఆవిడ మినహాయింపులే నడిచాయి. అందుకే మొదట్లో ఏమీ తెలియలేదు. పాత బిల్లులో 55 శాతం అంటే 6,490 డాలర్లు మొదటి వాయిదాగా పోయాయి, మిగిలిన 12,910 ఒక్కసారిగా రెండో బిల్లులో వచ్చి పడ్డాయి. అంతకుముందు ఏడాది రెండో బిల్లు 5,310 మాత్రమే. ఎవరి గుండె అయినా ఆగుతుంది.

ఇప్పుడు మీ 6,100 చూడండి. లోను అసలు, వడ్డీ కలిపి 3,640. ఇన్సూరెన్స్ 210. పన్ను 19,400ని పన్నెండుతో భాగిస్తే సుమారు 1,617. ఇవన్నీ కలిపితే 5,470 దగ్గరకు వస్తుంది. మరి 6,100 ఎందుకు? మిగతా 630 పైచిలుకు ఎస్క్రోలో తగ్గిన 7,600 డాలర్లను బ్యాంకు నెలనెలా రాబట్టుకుంటున్న సొమ్ము. పన్నెండు నెలల్లో అది తీరిపోతుంది. అంటే పెరిగిన 1,270లో సగం శాశ్వతం, సగం తాత్కాలికం. ఎస్క్రో ఎనాలిసిస్ అని బ్యాంకు పంపిన కాగితంలో "షార్టేజ్" అన్న వరుస ఉంటుంది, చూడండి. ఆ కాగితం మీ ఇద్దరిలో ఎవరూ పూర్తిగా చదివి ఉండరని నా అనుమానం. నేనూ మా ఇంటి కాగితం మూడేళ్లు చదవలేదు లెండి.

రెండోది, హోమ్‌ఓనర్ ఎగ్జెంప్షన్, అంటే సొంత ఇంటి మినహాయింపు. సొంత ఇంట్లో ఉండేవాళ్లందరికీ వచ్చేదే, కానీ కొత్తగా కొన్నవాళ్లు మొదటిసారి అడిగి తీసుకోవాలి. బిల్లు మీద అది ఉందో లేదో ఈ రోజే చూడండి. లేకపోతే వెనకటి ఏడాదికి కూడా "సర్టిఫికెట్ ఆఫ్ ఎర్రర్" అనే సవరణ దరఖాస్తు పెట్టి అడగొచ్చు. లెక్కకట్టే విలువలో 10,000 డాలర్లు తగ్గిస్తారు. చేతికి మిగిలేది అందులో చిన్న భాగమే. అదీ మీ డబ్బే కదా.

విలువ మీద అప్పీలు చేసుకోవచ్చు. ముందు ఇళ్ల విలువ కట్టే కౌంటీ అధికారి, అంటే అసెసర్ దగ్గర, ఆ తర్వాత బోర్డ్ ఆఫ్ రివ్యూ దగ్గర. మీ వైపు ఊళ్లకు మూడేళ్లకోసారి కొత్త విలువలు కడతారు. 2023లో కట్టారు, ఆ లెక్కన తర్వాతది 2026. అయినా అప్పీలు ఏ ఏడాదైనా పెట్టొచ్చు. ఒక్క చిక్కుంది. మీరు ఇల్లు ఈమధ్యే కొన్నారు, కొన్న ధర అందరికీ తెలుసు. "మా ఇల్లు అంత చెయ్యదు" అంటే నిలవదు. అదే వీధిలో అంతే వైశాల్యం, అంతే వయసు ఉన్న ఇళ్ల విలువ మీ ఇంటి కంటే తక్కువగా కట్టి ఉంటే మాత్రం వాదన ఉంటుంది. గెలిచినా సగానికి సగం తగ్గుతుందని ఆశపడొద్దు. అక్కడ లెక్క తిరగేసి నడుస్తుంది. బడులు, విలేజ్ (ఊరి పాలక సంస్థ), పార్కులు, లైబ్రరీ, ఒక్కొక్కరూ ఈ ఏడాది మాకింత కావాలంటారు. ఆ మొత్తాన్ని ఇళ్ల విలువలను బట్టి పంచుతారు, పెళ్లి ఖర్చు అన్నదమ్ములు పంచుకున్నట్టు. ఓక్ పార్క్ ఐదు చదరపు మైళ్లు కూడా లేని ఊరు, జనం యాభై వేల పైన, ఫ్యాక్టరీలు లేవు. మోసే భుజాలన్నీ ఇళ్లవే. అందులో పెద్ద ముద్ద బడులకు పోతుంది. మీరు ఆ ఊరు కోరుకున్నది కూడా ఆ బడుల కోసమే కదా.

ఇక మీరు రాయని ఒక సంగతి చెబుతాను, ఇదే అన్నిటికన్నా పెద్దది కావచ్చు. ఫెడరల్ పన్నులో రాష్ట్రానికి, కౌంటీకి కట్టినదాన్ని ఆదాయంలోంచి తగ్గించి చూపించుకునే పరిమితి 2018 నుంచి 10,000 డాలర్లే ఉండేది. 2025 నుంచి దాన్ని 40,000 చేశారు, 5 లక్షలు దాటని ఆదాయం వరకు. మీ ఇద్దరి జీతం 2 లక్షల 10 వేలు అన్నారు. ఇల్లినాయి ఆదాయ పన్ను 4.95 శాతం అంటే అదొక పదివేలు, ఇంటి పన్ను 19,400. రెండూ కలిపి దాదాపు 30,000 ఇప్పుడు చూపించుకోవచ్చు. మునుపటి కంటే ఏడాదికి నాలుగు వేల డాలర్ల దాకా మిగలొచ్చు. ఇల్లినాయి కూడా కట్టిన ఇంటి పన్నులో 5 శాతం క్రెడిట్ ఇస్తుంది, మీకు 970. వీటిని ఏప్రిల్‌లో రీఫండ్‌గా చూసి సంతోషించే బదులు, మీ పన్ను లెక్కలు చూసే సీపీఏతో మాట్లాడి, జీతంలో ఎంత పన్ను కోయాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారం మార్చుకుంటే నెలనెలా జీతంలోనే కనిపిస్తుంది.

అలాగే, చిన్నవాడికి ఐదు నిండుతున్నాయని, డేకేర్‌కి నెలకు 1,900 కడుతున్నామని ఉత్తరంలో ఎక్కడో ఒక వాక్యం రాసి వదిలేశారు. ఆగస్టులో వాడు కిండర్‌గార్టెన్‌కి వెళ్తాడు. సాయంత్రం బడి అయ్యాక చూసేవాళ్లకి ఆరు వందలు పోయినా 1,300 మిగులుతుంది. మీరు ఆ ఇంటి మీద అతి గడ్డు పది నెలల్లో కూర్చుని నాకు ఉత్తరం రాశారు. ఈ నెలల్లో తీసుకునే ఏ నిర్ణయమైనా మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు, పాత ఇల్లు కొని చూడు అనలేదు, పాపం వాళ్లకి తెలియదు. నూరేళ్ల ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. నా వరుస ఇది: వాన, నిప్పు, చలి, ఆ తర్వాతే అందం. పైకప్పు కారుతోందా, గోడల్లో పాతకాలపు నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్ ఉందా, బాయిలర్ ఈ చలికాలం గట్టెక్కుతుందా, ఇవి ముందు. వరండాకి 22,000 అన్నది మొత్తం కొత్తగా కట్టడానికి అయి ఉంటుంది. కాలు విరగకుండా మెట్లు, ఆ కింది దూలాలు మాత్రం బాగుచేస్తే ఎంతని ఇంకో ఇద్దరిని అడగండి. మీ వీధి చారిత్రక ప్రాంతంలో ఉంటే, వీధి వైపు మార్పులకు ఎవరి అనుమతి కావాలో పర్మిట్ అడిగేటప్పుడే కనుక్కోండి. పాత పెయింట్ గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇళ్లకు సీసం కలిసిన రంగులు వాడటం 1978లో నిషేధించారు, మీ ఇల్లు అంతకు అరవై ఆరేళ్లు పెద్దది, ఇంట్లో ఐదేళ్ల పిల్లాడున్నాడు.

చారిత్రక ఇళ్లకు పన్ను ఎనిమిదేళ్లు పెరగకుండా ఆపుతారటగా అని మీ పక్కింటావిడ చెప్పినట్టు రాశారు. నిజమే, ఆపేది పన్నుని కాదు, కట్టిన విలువని. ఎనిమిదేళ్లు ఆపి, తర్వాత నాలుగేళ్లలో మెట్లుమెట్లుగా పైకి తెస్తారు. కానీ దానికి అసెసర్ కట్టిన మార్కెట్ విలువలో కనీసం 25 శాతం, రెండేళ్లలోపు, ముందే ఒప్పుకున్న పద్ధతిలో మరమ్మతుకు పెట్టాలి. మీ ఇంటికి లక్షా ఎనభై వేల దాకా. చేతిలో డబ్బుండి, ఎలాగూ ఇల్లంతా తిరగదోడేవాళ్లకి అది వరం. మీరు దాని జోలికి పోవద్దు.

వరండా కోసం మీ వారు 401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు నుంచి అప్పు తీద్దామంటున్నారని రాశారు. ఉద్యోగం మారితే, పోతే, ఆ ఏడాది పన్ను దాఖలు గడువులోపు మిగిలిన బాకీ కట్టాలి. లేదంటే అది తీసేసుకున్న సొమ్ము కింద లెక్క, పన్నుతో పాటు పది శాతం జరిమానా. పుచ్చిన మెట్ల కోసం అంత సాహసం ఎందుకు?

అమ్మడం గురించి. అమ్మితే ఏజెంట్ల కమిషన్ సుమారు ఐదు శాతం అనుకుంటే 36,000. విలేజ్ వాళ్ల ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ వెయ్యికి 8 డాలర్లు, అంటే ఇంకో 5,760. మిగతా చిల్లరమల్లర వేరే. ధర పెరగలేదనుకుంటే, మీరు పెట్టిన 1 లక్షా 44 వేలు, రెండేళ్లలో తీరిన అసలు పదమూడు వేలు, ఇందులోంచి చేతికి వచ్చేది లక్షా పది వేల చుట్టూ. అదేమీ కొంప మునిగిపోవడం కాదు. అయితే ఆ డబ్బుతో ఎక్కడికి వెళ్తారు?

అదే ఊళ్లో అద్దెకు ఉండటం ఒక దారి. ఓక్ పార్క్‌లో అపార్ట్‌మెంట్లు బాగానే ఉన్నాయి. చిన్న బడి చిరునామాని బట్టి మారొచ్చు, హైస్కూల్ మాత్రం ఊరంతటికీ ఒకటే. పిల్లల స్నేహాలు తెగవు, బాయిలర్ ఎవరిదో అవుతుంది. పోగొట్టుకునేది తోట, మీరన్న "మా ఇల్లు" అన్న మాట. నన్నడిగితే ఇది చాలామంది మనవాళ్లు అసలు ఆలోచించని, కానీ ఆలోచించదగ్గ దారి. ఒకసారి సొంతింటివాళ్లం అయ్యాక మళ్లీ అద్దెకా అనే నామోషీ ఒక్కటే అడ్డు.

నేపర్‌విల్ వైపు వెళ్తే డ్యూపేజ్ కౌంటీలో పన్ను భారం సాధారణంగా తక్కువే. ఇల్లు కొత్తది, మరమ్మతులు తక్కువ. అరోరాలో బాలాజీ గుడి దగ్గర, తెలిసినవాళ్లు దగ్గర. అయితే ఇప్పుడు మీకున్నది ఒకే కారు, గ్రీన్ లైన్ రైలు ఎక్కి అరగంటలో ఆఫీసు. అక్కడ రెండో కారు తప్పదు. వాయిదా, ఇన్సూరెన్స్, పెట్రోలు, పోగా మిగిలేదెంతో లెక్కేయండి. మీ అత్తమామలు ఇక్కడ లైబ్రరీకి నడిచి వెళ్లొస్తారన్నారు, అక్కడ ఎవరో ఒకరు దింపాలి. కమిషన్ ఖర్చు మళ్లీ రాబట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో కూడా చూడండి. ఇల్లు అద్దెకిచ్చి మనం వేరేచోట ఉందామా అన్న ఆలోచన మాత్రం వద్దు. సొంత ఇంటి మినహాయింపు పోతుంది, జనవరి అర్ధరాత్రి బాయిలర్ ఆగిందని ఫోన్ వచ్చేది మీకే.

ఉండటమైతే, గడువు పెట్టుకుని ఉండండి. వచ్చే ఏడాది ఈపాటికి ఎస్క్రో బాకీ తీరి 630, డేకేర్ తీరి 1,300, పన్ను సర్దుబాటుతో మూడు వందల పైన, మొత్తం నెలకు రెండు వేల పైచిలుకు ఊపిరి ఆడుతుంది. అప్పుడు కూడా ఇంటికి 5,470, అంటే జీతంలో సగానికి కాస్త తక్కువ. అది బరువే, నేను దాచను. ఆ రెండు వేలల్లో కార్డు తీరి, నాలుగైదు నెలల ఖర్చు విడిగా పోగుపడితే ఉండండి. ఏడాదిన్నరకి కూడా పోగుపడకపోతే, లేదా ఈలోపు ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఊగితే, వసంతకాలంలో అమ్మకానికి పెట్టండి. నా మొగ్గు ఆగి చూడటం వైపే. కానీ నేను ఆ వాయిదా కట్టేదాన్ని కాదు.

ఇన్ని చెప్పినా, ఆ 9,400 సంగతి తేలకుండా వీటిలో ఏదీ నడవదు. దాని వడ్డీయే నెలకు 188. వడ్డీ కూడా అసలు బాధ కాదు. మీ వారు ఒంటిగంట దాకా పనిచేస్తున్నది తప్పు లెక్క మీద. చెల్లెలికి "సర్దలేను" అన్నదీ తప్పు లెక్క మీదే. ఉండాలో అమ్మాలో ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్నా, ఆయన చూడని ఒక అంకె మిగిలిపోతుంది. తర్వాత ఎప్పుడో తెలిస్తే మాట ఇంటి మీదికి పోదు, మీ మీదికి వస్తుంది.

ఆ బాకీలో ఏముందో ఒకసారి మీరే చూడండి. స్కేటింగ్ పిల్ల అడిగిందా, వీధిలో పిల్లలంతా వెళ్తున్నారని మీరు చేర్చారా? పుట్టినరోజుకు అంత ఖర్చు ఎందుకైంది? ఇవి ఇంటి ఖర్చులు కావు, ఊరి ఖర్చులు కూడా కావు. ఆ ఊరికి మనం తగినవాళ్లమేనని చూపించుకోవడానికి పెట్టిన ఖర్చు. తప్పు పట్టడం లేదు. మీ ఊరు గొప్పగా చెప్పుకునే ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1889లో తన యజమాని సల్లివన్ దగ్గర 5,000 డాలర్లు అప్పు తీసుకుని అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, కిరాణా కొట్లో బాకీ పెట్టి మరీ దర్జాగా బతికాడు. ఇప్పుడు టికెట్ కొని చూసే ఇల్లు అదే. పిల్లలిద్దరికీ చెరొక్కటి, వాళ్లు ఏడ్చి మరీ కావాలనేది, ఉంచండి. మిగతావి ఈ సీజన్‌తో ఆపితే వీధిలో ఎవరూ గమనించరు కూడా.

ఆయనతో ఎలా చెప్పాలి అన్నారు. "ఈ ఇల్లు నా పంతం" అని మొదలుపెట్టకండి. ఆయన వెంటనే "పర్లేదులే" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. ఆయన మౌనం కోపం అని మీరు అనుకుంటున్నారు. నాకైతే, ఇల్లు పోతే మీరు ఏమైపోతారోనని ఆయన భయపడుతున్నట్టు అనిపిస్తోంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాస్తున్నారు. అంకెలతో మొదలుపెట్టండి, అంకెలకు ఎవరూ పర్లేదులే అనలేరు.

మామగారి గది చల్లగా ఉంటోందన్న సంగతి మర్చిపోయాను. మీరు రాసినదాన్ని బట్టి ఒకే గొట్టంతో నడిచే ఆవిరి రేడియేటర్లలా ఉన్నాయి. ఒక్క గది మాత్రమే చల్లగా ఉంటే చాలాసార్లు తప్పు బాయిలర్‌ది కాదు, ఆ రేడియేటర్ పక్కన ఉండే చిన్న గాలి వెంట్ మూసుకుపోయి ఉంటుంది. కొన్ని పదుల డాలర్లలో పోయేది. ప్లంబర్‌ని పిలిచి అది మార్పించండి, వేడి ఆపి ఉన్నప్పుడే.

ఈ శనివారం పిల్లలు పడుకున్నాక బ్యాంకు ఎస్క్రో కాగితం, కౌంటీ పన్ను బిల్లు, మీ కార్డు స్టేట్‌మెంట్ మూడూ బల్ల మీద పెట్టండి. కార్డుది పైన ఉండనివ్వండి.